సీ డ్రైవ్‌లో ఏమీ పెట్టకండి

1990ల చివర్లో సొంతంగా కంప్యూటర్ కొనుక్కున్న ఇళ్లలో మొదటి రోజే వినబడిన మాట ఇది. అసెంబుల్ చేసి తెచ్చిన కుర్రాడు వైర్లన్నీ బిగించి, ఇచ్చిన టీ తాగుతూ చెప్పేవాడు: "సార్, సీ డ్రైవ్‌లో ఏమీ పెట్టకండి. మీ ఫైళ్లు ఏవున్నా డీలోనో ఈలోనో దాచుకోండి. రేపు విండోస్ పోయినా అవి ఉంటాయి." విండోస్ ఎలాగూ పోతుంది, ఎప్పుడన్నదే తెలియదు అన్నట్టు ఉండేది ఆ గొంతు. నిజంగానే పోయేది కూడా. ఏడాదికోసారైనా ఫార్మాట్ కొట్టించని కంప్యూటర్ మా వీధిలో లేదు.

మా నాన్న అన్నిటికీ తలూపి, ఆ కుర్రాడు వెళ్లిపోయాక నన్ను పిలిచారు. "డబ్బాలో డిస్కు ఒకటే ఉందన్నాడుగా. మరి సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు కనపడుతున్నాయేంట్రా?" మంచి ప్రశ్నే. అప్పటికి నాకు సగం జవాబే తెలుసు. మిగతా సగం తెలుసుకోవడంలో నా ఇంజనీరింగ్ చివరి రోజులు, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కున్న రోజులు కలిసిపోయాయి. కంప్యూటర్ గురించి ఇవాళ నాకు తెలిసినదాంట్లో పెద్ద భాగం, ఆ నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూస్తూ కూర్చున్న రాత్రుల్లో తెలిసిందే.

నాన్న ప్రశ్నకి అసలు జవాబు 1983లో ఉంది. ఆ ఏడాది ఐబీఎం తెచ్చిన పీసీ ఎక్స్‌టీలో 10 ఎంబీ హార్డ్ డిస్కు వచ్చింది. దాంతో పాటు వచ్చిన డాస్ 2.0 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, డిస్కుని ముక్కలు చేసే ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రాం ఉంది. 10 ఎంబీని కూడా ముక్కలు చేయాలా అని ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, ఒకే డిస్కు మీద రకరకాల ఆపరేటింగ్ సిస్టమ్స్ ఉండొచ్చని వాళ్లు మొదట్లోనే ఊహించారు. అందుకే డిస్కు మొట్టమొదటి సెక్టార్‌లో, అంటే మొదటి 512 బైట్లలో, ఏ ముక్క ఎక్కడుందో చెప్పే ఒక చిన్న పట్టిక పెట్టారు. 446 బైట్లు మెషీన్ మొదలవడానికి, అంటే బూట్ అవడానికి, కావలసిన కోడ్. తర్వాత 64 బైట్లు పట్టిక. చివరి రెండు బైట్లు, ఇది సరైన సెక్టారే అని చెప్పే గుర్తు. 64 బైట్లలో ఒక్కో పార్టిషన్‌కి, అంటే ముక్కకి, 16 చొప్పున నాలుగంటే నాలుగే పడతాయి. నాలుగు సరిపోవని తేలాక 1987లో డాస్ 3.3 ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అని ఒకటి తెచ్చి, దాని లోపల ఎన్ని లాజికల్ డ్రైవులైనా పెట్టుకోమంది. మన డీ, ఈ, ఎఫ్‌లన్నీ ఆ లోపలి కాపురాలే.

మరి విండోస్ ఒక్కటే వాడే మా ఇంటికి అన్ని ముక్కలు ఎందుకు? దానికి కారణం ఫ్యాట్ 16, అంటే ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో లెక్క రాసుకునే పద్ధతి. విండోస్ 95 మొదటి రోజుల దాకా ఒక పార్టిషన్ 2 జీబీ దాటకూడదు. మాది 4.3 జీబీ డిస్కు. ఫ్యాట్ 16 అయితే మూడు ముక్కలైనా చేయక తప్పదు. పైగా ముక్క పెద్దదయ్యేకొద్దీ వృథా పెరుగుతుంది. 1 జీబీ దాటిన పార్టిషన్‌లో క్లస్టర్ (ఒక ఫైలుకి ఇచ్చే కనీస జాగా) సైజు 32 కేబీ, అంటే ఒక్క లైను రాసి దాచిన టర్బో సీ ప్రోగ్రాం కూడా 32 కేబీ మింగి కూర్చుంటుంది. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉన్న డిస్కులో ఇలా గాల్లో కలిసిపోయే జాగా తక్కువేం కాదు. 1996లో విండోస్ 95 కొత్త విడతతో, తర్వాత విండోస్ 98తో ఫ్యాట్ 32 వచ్చింది. క్లస్టర్ 4 కేబీకి దిగింది. ఆ 2 జీబీ గోడా పోయింది. అయినా మన అసెంబ్లర్లు నాలుగు డ్రైవులు చేయడం మానలేదు. అవసరం పోయాక కూడా అలవాటు ఉండిపోయింది. ఇప్పటికీ కొత్త లాప్‌టాప్ కొనగానే "డీ డ్రైవ్ చేసిస్తారా?" అని షాపులో అడిగే పెద్దవాళ్లని చూస్తుంటాను.

ఆ డిస్కు కోసం నేనూ, మా బాబాయీ విజయవాడ నుంచి సికింద్రాబాద్ వెళ్లాం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేవారు. ఒక షాపులో ర్యామ్, ఇంకో షాపులో మదర్‌బోర్డు, కొటేషన్ కాగితాలు చేత్తో పట్టుకుని పై అంతస్తుకీ కింది అంతస్తుకీ తిరగడం. హార్డ్ డిస్కు చేతికిచ్చినప్పుడు యాంటీ స్టాటిక్ కవర్లో అంత బరువుంటుందని అనుకోలేదు. బాబాయికి అక్కడ నచ్చిన సంగతి ఒక్కటే, బిల్లు లేకుండా అయితే ఎంత, బిల్లుతో అయితే ఎంత అని వాళ్లే చెప్పేస్తున్నారు.

కాలేజీ ల్యాబ్ సంగతి వేరు. అక్కడ 486 రకం పాత మెషీన్లు, డాస్ 6.22. ల్యాబ్ చూసుకునే సార్, డాస్ మొదలవుతూనే చదివే కాన్ఫిగ్.సిస్ ఫైల్‌లో ఒక మెనూ రాసి పెట్టారు. మెషీన్ ఆన్ చేస్తే టర్బో సీకా, నెట్‌వర్క్‌కా, విండోస్ 3.1కా అని అడిగేది. డాస్ 6తో వచ్చిన సదుపాయం అది. ఒక్కో పనికి మెమొరీ ఒక్కో రకంగా సర్దాలి కాబట్టి ఒకే డాస్ మూడు వేషాలు వేసేది. మెషీన్ మొదలయ్యేటప్పుడు ఆగి మనల్ని ఒక ప్రశ్న అడగొచ్చు అన్న సంగతి నేను మొదట చూసింది అక్కడే. ఎందుకో ఆ మెనూ అంటే నాకు విపరీతమైన ఇష్టం ఉండేది. సార్ లేనప్పుడు దాంట్లో నాలుగో వరుస చేర్చినవాడు మా బ్యాచ్‌లోనే ఉన్నాడు. అది నొక్కితే ల్యాబ్‌లో దాచిన గేమ్ వచ్చేది. ఎవరని అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, ఉచితంగా దొరికే లైనక్స్, మా దాకా వచ్చింది పత్రికల సీడీల్లో. పీసీక్వెస్ట్ వాళ్లు లైనక్స్ సీడీలు పత్రికతో పాటు ఇచ్చేవారు. ఇంటర్నెట్‌లో అంత పెద్ద ఫైళ్లు దించుకోవడం ఊహకి కూడా అందని రోజుల్లో ఆ సీడీలు చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఒక సీడీ హాస్టల్ మొత్తం తిరిగి, గీతలు పడి, చివరికి ఏదో ఒక ప్యాకేజీ దగ్గర రీడ్ ఎర్రర్ ఇచ్చి ఆగేదాకా వాడేవాళ్లం. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, కోఠీలో పాత పుస్తకాల్లో సీడీ పోయిన లైనక్స్ పుస్తకాలు దొరికేవి. పుస్తకం ఒకచోట, సీడీ ఇంకోచోట, రెంటినీ కలిపే పని మాది.

సీడీ ఉంది సరే, పెట్టడానికి జాగా ఏది? డిస్కంతా విండోస్ కబ్జాలో ఉంది. రెండు దారులు. ఎఫ్ డ్రైవ్‌లో పాటల్ని ఈలోకి తోసి, ఎఫ్‌ని ఎఫ్‌డిస్క్‌తో తీసేసి ఆ ఖాళీ లైనక్స్‌కి ఇవ్వడం ఒకటి. రెండోది ఫిప్స్. డాస్‌లో నడిచే ఈ చిన్న ఉచిత ప్రోగ్రాం, ఉన్న ఫ్యాట్ పార్టిషన్‌ని డేటా పోకుండా రెండుగా కోసేది. ముందు డీఫ్రాగ్ నడపాలి, ఫైళ్లన్నీ డిస్కు మొదట్లోకి జరగాలి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే స్వాప్ ఫైలు ఎక్కడో మధ్యలో జరగకుండా తిష్ట వేసి ఉంటుంది, దాన్ని ఆపాలి. ఆ తర్వాత బూట్ ఫ్లాపీతో డాస్‌లోకి వచ్చి ఫిప్స్ నడిపితే, ఏ సిలిండర్ (డిస్కు మీద ఒక వలయం) దగ్గర కోయాలో బాణం గుర్తుల మీటలతో జరుపుకోవచ్చు. ఎడమ పక్క పాత పార్టిషన్ సైజు తగ్గుతుంటే కుడి పక్క కొత్తది పెరుగుతూ కనిపిస్తుంది. పొలంలో గట్టు జరపడమే అది, కాకపోతే ఇక్కడ పక్కవాడు కేసు వేయడు. డబ్బు పెట్టగలిగినవాళ్లకి పార్టిషన్ మ్యాజిక్ ఉండేది, రంగుల పట్టీలు మౌస్‌తో లాగితే సరిపోయేది. సగం పని అయ్యాక కరెంటు పోతే? ఆ భయం రెంటికీ ఒకటే. విజయవాడ వేసవిలో పార్టిషన్ సైజు మార్చేవాళ్లు యూపీఎస్ అరుపు వినబడుతుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. డీఫ్రాగ్ మాత్రం చూడటానికి హాయిగా ఉండేది. ఆ చిన్న చిన్న గళ్లు ఒక్కొక్కటీ రంగు మారుతుంటే మా చెల్లి పక్కనే కూర్చుని గంటసేపు చూసిన రోజులున్నాయి.

రెడ్ హ్యాట్ అనే లైనక్స్ ఇన్‌స్టాల్ చేస్తుంటే మధ్యలో డిస్క్ డ్రూయిడ్ అనే తెర వచ్చేది. ఇక్కడ సీ, డీలు ఉండవు. హెచ్‌డీఏ 1, హెచ్‌డీఏ 5 అని ఉంటుంది. పట్టికలో నేరుగా ఉండే ప్రైమరీ పార్టిషన్లకి ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు రిజర్వు కాబట్టి లాజికల్ ఎప్పుడూ అయిదు నుంచే మొదలవుతుంది. 1983 నాటి ఆ నాలుగు వరుసల పట్టిక ఇక్కడా వదల్లేదన్నమాట. స్వాప్‌కి కొంత, లైనక్స్ ఉండే రూట్‌కి కొంత. స్వాప్ ర్యామ్‌కి రెట్టింపు పెట్టాలన్నది అప్పటి వేదవాక్కు, ఎందుకని ఎవరూ అడగలేదు. చివర్లో అసలు ప్రశ్న: లైలో ఎక్కడ పెట్టాలి, ఎంబీఆర్ అనే ఆ డిస్కు మొదటి సెక్టార్‌లోనా, లైనక్స్ పార్టిషన్ మొదట్లోనా?

లైలో అంటే లైనక్స్ లోడర్, మెషీన్ మొదలవగానే ఏ ఓఎస్‌లోకి వెళ్లాలో చూసే ప్రోగ్రాం. ఎంబీఆర్‌లో పెడితే, మెషీన్ ఆన్ చేయగానే నల్ల తెర మీద "లైలో బూట్:" అని వచ్చి ఆగేది. ట్యాబ్ నొక్కితే ఏమేం ఉన్నాయో పేర్లు చూపించేది. ఏమీ కొట్టకపోతే కాసేపటికి లైనక్స్‌లోకి పోయేది. ఇంట్లో మిగతావాళ్లకి ఇదే పెద్ద టెన్షన్. నాన్న ఆఫీసు ఉత్తరాలు టైప్ చేయడానికి కూర్చుంటే తెర నిండా అర్థం కాని లైన్లు పరిగెత్తి, చివరికి లాగిన్ అని అడిగి ఊరుకునేది. "ఒరేయ్, నీ కంప్యూటర్ నీకుంచి నా కంప్యూటర్ నాకిచ్చేయ్" అన్నారు ఒకరోజు. చెల్లి ఒక కాగితం మీద "ముందు డబ్ల్యూఐఎన్ కొట్టి ఎంటర్ నొక్కండి. త్వరగా!" అని రాసి మానిటర్‌కి అంటించింది. తర్వాత లైలో ఫైల్‌లో డిఫాల్ట్‌ని విండోస్‌కి మార్చాక ఇల్లు ప్రశాంతంగా ఉంది. అక్కడ టైమవుట్ సెకన్లలో కాదు, సెకనులో పదో వంతుల్లో రాయాలి. 50 అంటే అయిదు సెకన్లు. మాన్యువల్ పేజీ చదివే అలవాటు మొదలైంది ఇలాంటి వాటి వల్లే.

లైలోలో ఒక గొప్ప గుణం ఉంది. దాని పేరులోని నాలుగు అక్షరాలూ ఒకేసారి రావు. ఒక్కో పని ముగించుకుంటూ ఒక్కో అక్షరం వేస్తుంది. మొదటి భాగం లోడయితే ఎల్. రెండో భాగాన్ని తెచ్చుకుంటే ఐ. ఆ రెండో భాగం నడవడం మొదలుపెడితే మళ్లీ ఎల్. అన్నీ సవ్యంగా ఉంటేనే చివరి ఓ. ఎక్కడ ఆగిందో చూసి జబ్బు ఏమిటో చెప్పొచ్చు. "ఎల్ ఐ దగ్గర ఆగింది రా" అని ఫోన్‌లో చెబితే అవతలివాడు ఏం చేయాలో చెప్పేసేవాడు. ఇవాళ "ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి" అని నవ్వు బొమ్మతో చెప్పే సాఫ్ట్‌వేర్లకన్నా ఆ రెండు అక్షరాలు చాలా నయం.

ఎల్ ఐ దగ్గర ఆగడం మా డిస్కు మారాక బాగా పరిచయమైంది. 4.3 జీబీ నిండిపోయి 20 జీబీది తెచ్చుకున్నాం. పాత పద్ధతిలో బయాస్, అంటే మెషీన్ ఆన్ చేయగానే మదర్‌బోర్డులోంచి నడిచే ప్రోగ్రాం, డిస్కుని చదవాలంటే సిలిండర్, హెడ్, సెక్టార్ అని మూడు అంకెలు ఇవ్వాలి. సిలిండర్‌కి ఇచ్చిన చోటు పది బిట్లే, అంటే 1024. ఎంత సాగదీసినా అది 8 జీబీ దగ్గర ఆగిపోతుంది. లైలో కెర్నెల్‌ని, అంటే లైనక్స్ అసలు గుండెని, తేవడానికి బయాస్ మీదే ఆధారపడుతుంది కాబట్టి కెర్నెల్ ఆ గీతకి అవతల ఉంటే అందదు. డిస్కు 20 జీబీ, విండోస్ డ్రైవులన్నీ ముందు, లైనక్స్ చిట్టచివర. అందుకే డిస్కు మొదట్లో 20 ఎంబీతో ఒక బుల్లి బూట్ పార్టిషన్ విడిగా చేసే ఆచారం వచ్చింది. తర్వాత వచ్చిన లైలోలో ఎల్‌బీఏ 32 అని ఒక్క మాట చేరిస్తే ఆ ఇబ్బంది పోయింది. కానీ ఆచారం పోదుగా, చాలా ఏళ్ల పాటు అందరం ఆ బుల్లి పార్టిషన్ చేస్తూనే వచ్చాం.

లైనక్స్‌లోకి వెళ్లాక ఏం చేసేవాళ్లం అంటే, నిజం చెప్పాలంటే ఎక్కువగా లైనక్స్‌ని బాగుచేసుకునేవాళ్లం. సౌండ్ రాదు. ఎక్స్ విండోస్, అంటే లైనక్స్‌లో బొమ్మలూ మౌస్ ఉండే తెర, రావాలంటే మానిటర్ సింక్ రేట్లు అడుగుతుంది, అవి మానిటర్ మాన్యువల్‌లో ఉంటాయి, మాన్యువల్ అటక మీద ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఫోన్ లైన్‌తో ఇంటర్నెట్ కలిపే మోడెమ్. చవకగా దొరికే లోపలి మోడెమ్‌లన్నీ సగం పని విండోస్ డ్రైవర్‌తో చేయించుకునేవి, లైనక్స్‌లో అవి ఉత్త రేకులు. మోడెమ్ ఎలా పనిచేయించాలో తెలుసుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే రీబూట్ చేసి విండోస్‌లోకి వెళ్లాలి. వెళ్లి, డయలప్ కలిపి, వెతికి, కాగితం మీద రాసుకుని, మళ్లీ రీబూట్. కాగితం బదులు ఫైల్‌గా దాచుకోవాలంటే దాన్ని ఫ్యాట్ 32 డ్రైవ్‌లో పెట్టాలి, ఎందుకంటే విండోస్‌కి లైనక్స్ పార్టిషన్ అసలు కనపడదు. లైనక్స్ మాత్రం విండోస్ డ్రైవుల్ని చక్కగా మౌంట్ చేసుకునేది, అంటే తెరుచుకునేది. ఆ డ్రైవు రెండు రాజ్యాల సరిహద్దులో సంతలా పనికొచ్చేది.

1999 ఏప్రిల్ 26 గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తవదు. సోమవారం. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కాబట్టి, ఆ రోజు విరుచుకుపడిన వైరస్‌కి చెర్నోబిల్ అని పేరు పడింది, అసలు పేరు సీఐహెచ్. తైవాన్‌లో ఒక విద్యార్థి రాసింది. విండోస్ 95, 98 ఉన్న మెషీన్లలో ఆ రోజు డిస్కు మొదటి 1 ఎంబీని సున్నాలతో నింపేసింది. కొన్ని మదర్‌బోర్డుల్లో బయాస్‌ని కూడా చెరిపేసింది. మన దేశంలోనూ చాలా మెషీన్లు పోయాయి. మా కాలేజీ దగ్గర ఒక డీటీపీ సెంటర్ ఉండేది. పెళ్లిళ్ల సీజన్, పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేసిన శుభలేఖలన్నీ అందులోనే. ఓనరు ముఖం చూడలేకపోయాం. మాతో వచ్చిన సీనియర్ అన్న మాత్రం కంగారు పడలేదు. "అన్నా, శుభలేఖలు ఏ డ్రైవ్‌లో పెట్టావ్?" అని అడిగాడు. డీ అన్నాడాయన. "అయితే ఉన్నాయిలే."

ఆ అన్న చేసింది ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. పోయింది మొదటి ఎంబీ. అందులో ఎంబీఆర్ ఉంది కాబట్టి పార్టిషన్ పట్టిక పోయింది, సీ డ్రైవ్ మొదలు పోయింది. కానీ డీ సంగతి చెప్పే చిన్న పట్టిక ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ మొదలయ్యే చోట, డిస్కులో చాలా లోపల ఉంటుంది. వైరస్ అంత దూరం వెళ్లలేదు. ముందు బూట్ ఫ్లాపీతో వచ్చి ఎఫ్‌డిస్క్ స్లాష్ ఎంబీఆర్ కొట్టాడు, అది 446 బైట్ల కోడ్‌ని, చివరి గుర్తుని తిరిగి రాస్తుంది. తర్వాత నార్టన్ డిస్క్ ఎడిటర్ తెరిచి, సిలిండర్ల మొదళ్లలో ఆ రెండు బైట్ల గుర్తు ఉన్న సెక్టార్ కోసం వెతికాడు. దొరికింది. ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవో లెక్క కట్టి, పట్టికలో 16 బైట్లు చేత్తో టైప్ చేశాడు. రీబూట్. డీ డ్రైవ్, లోపల శుభలేఖలు. ఓనరు ఆ సాయంత్రం మా అందరికీ బిర్యానీ తెప్పించాడు. ఆ 16 బైట్లు నేర్చుకుని తీరాలని నాకు పట్టుదల వచ్చింది ఆ పూటే.

ఎఫ్‌డిస్క్‌ని తిట్టుకున్న రోజులూ ఉన్నాయి. విండోస్ 98 ఎఫ్‌డిస్క్‌కి లైనక్స్ పార్టిషన్ "నాన్ డాస్"గా కనపడేది. ఎక్స్‌టెండెడ్ లోపల లైనక్స్ ఉందనుకోండి. ఎక్స్‌టెండెడ్‌ని తీసేయబోతే, లోపల లాజికల్ డ్రైవులు ఉన్నాయి కాబట్టి కుదరదంటుంది. సరే వాటిని తీద్దామని వెళితే, లాజికల్ డ్రైవులేవీ లేవంటుంది. మా హాస్టల్లో ఈ వలలో చిక్కి లైనక్స్ సీడీ ఉన్న గది కోసం రాత్రిపూట తలుపులు తట్టినవాళ్లు చాలామంది.

హైదరాబాద్ వచ్చాక ఎస్సార్ నగర్‌లో రూమ్. పగలు అమీర్‌పేటలో కోర్సు, రాత్రి ఒక్క కంప్యూటర్ చుట్టూ అందరం. ఎవరో ఒకరు సొంత హార్డ్ డిస్కు సంచిలో వేసుకొచ్చేవారు, సినిమాలు, పాటలు ఎక్కించుకోవడానికి. జంపర్ అనే బుల్లి ముక్క మార్చి స్లేవ్‌గా, అంటే రెండో డిస్కుగా, పెట్టగానే డ్రైవు అక్షరాలన్నీ కలగాపులగం అయ్యేవి. విండోస్ 98 ముందు ప్రతి డిస్కులోనూ ఉన్న ప్రైమరీలకి అక్షరాలు ఇస్తుంది, ఆ తర్వాతే లాజికల్స్‌కి. అంటే వచ్చినవాడి సీ మాకు డీ అవుతుంది, మా డీ ఈ అవుతుంది, డీలో ఇన్‌స్టాల్ చేసినవన్నీ ఆగిపోతాయి. "మామా, నీ డిస్కు మా డిస్కు కుర్చీలో కూర్చుంది, లేపు" అనేవాళ్లం. తెలివైనవాళ్లు రెండో డిస్కులో ప్రైమరీ అనేదే లేకుండా మొత్తం ఎక్స్‌టెండెడ్ చేసుకునేవారు.

ఆ రూమ్‌లో ఒక డిస్కు మీద ఎన్ని ఓఎస్‌లు పెట్టొచ్చన్న పిచ్చి మొదలైంది. విండోస్ 98, విండోస్ 2000, రెడ్ హ్యాట్, ఇవి మామూలే. బీఓఎస్ 5 ఉచితంగా వచ్చిందని ఒకడు తెచ్చాడు. దానికి పార్టిషన్ కూడా అక్కర్లేదు, విండోస్ డ్రైవ్‌లోనే ఒక పెద్ద ఫైల్‌గా ఉంటుంది. బూట్ అయ్యే వేగం చూసి నోళ్లు తెరిచాం, దాంట్లో చేయడానికి పనేమీ లేక మర్నాటికి మూసేశాం. కొందరు లైలోని ఎంబీఆర్‌లో పెట్టకుండా విండోస్ 2000 మెనూలోకే లైనక్స్‌ని ఎక్కించేవారు. డీడీ కమాండ్‌తో లైనక్స్ పార్టిషన్ మొదటి 512 బైట్లని ఒక ఫైల్‌గా తీసి, సీ డ్రైవ్‌లో పెట్టి, ఆ మెనూ ఉండే బూట్.ఐఎన్‌ఐలో ఒక లైన్ రాస్తే చాలు. చిక్కేమిటంటే లైలో మళ్లీ నడిపినప్పుడల్లా ఆ ఫైల్ కూడా మళ్లీ తీయాలి.

2002లో ఎక్స్‌పీ కోసం ఇంకో పార్టిషన్ ఖాళీ చేశాం, నా వరకు కారణం ఒక్కటే. విండోస్‌లో తెలుగు యూనికోడ్ (అన్ని చోట్లా ఒకేలా కనపడే అక్షరాల కోడ్) గౌతమి ఫాంట్‌తో మొదటిసారి ఎక్స్‌పీలోనే వచ్చింది. అదీ అడిగితేనే. కంట్రోల్ ప్యానెల్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్‌ల దగ్గర టిక్ పెట్టి, మళ్లీ ఎక్స్‌పీ సీడీ పెట్టాలి. రీబూట్ అయ్యాక నోట్‌ప్యాడ్‌లో "అమ్మ" అని వచ్చింది, మకింద మవత్తు సరిగ్గా పడింది. రూమ్‌లో అందరూ తమ పేర్లు టైప్ చేసుకున్నారు. అప్పటి పత్రికల సైట్లు ఎవరి ఫాంట్ వాళ్లు దించుకోమనేవి. కాబట్టి ఇది మాకు చాలా పెద్ద సంగతి. అయితే ఎక్స్‌పీ వస్తూ వస్తూ ఎంబీఆర్‌ని తనదిగా రాసేసుకుంది, పక్కన లైనక్స్ ఉందా అని మాటవరసకైనా అడగలేదు. అప్పట్లో ఏ విండోస్ అయినా అంతే. ముందు విండోస్, తర్వాతే లైనక్స్ అన్న వరుస అందుకే.

ఈ లైలో గొడవల నుంచి బయట పడేసింది గ్రబ్ అనే ఇంకో లోడర్. రెడ్ హ్యాట్ 7.2 నుంచి అదే డిఫాల్ట్. లైలో కెర్నెల్ ఏ సెక్టార్లలో ఉందో అంకెలు కంఠతా పట్టి ఉంచుకునేది, కెర్నెల్ మార్చి లైలో నడపడం మర్చిపోతే బూట్ అవదు. గ్రబ్‌కి ఫైల్ సిస్టమ్ చదవడం వచ్చు. మెనూలో తప్పుంటే ఈ నొక్కి అక్కడికక్కడే దిద్దుకుని ముందుకెళ్లొచ్చు. లెక్క మాత్రం సున్నా నుంచి, కాబట్టి హెచ్‌డీఏ 1 దానికి హెచ్‌డీ 0,0. లైలో అంటే నాకు ప్రేమే కానీ, రాత్రి పదకొండింటికి ఎవరైనా ఫోన్ చేస్తే అవతల గ్రబ్ ఉండాలనే కోరుకునేవాణ్ని.

ఆ తర్వాత అంతా తేలికైపోయింది. నాపిక్స్ లాంటి లైవ్ సీడీలు వచ్చాయి, డిస్కు ముట్టుకోకుండానే లైనక్స్ చూడొచ్చు. ఉబుంటూ అనే లైనక్స్ వాళ్లు అడిగితే చాలు సీడీలు ఇంటికి ఉచితంగా పంపేవారు, పోస్ట్‌మ్యాన్ ఆ కవర్ ఇస్తూ ఇదేంటని అడిగేవాడు. 2007లో, ఎక్స్‌పీ లాంటి విండోస్‌లు వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదివి రాసే ఎన్‌టీఎఫ్‌ఎస్ త్రీజీ అనే ప్రోగ్రాం స్థిరపడ్డాక లైనక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో భయం లేకుండా రాయొచ్చు, మధ్యలో ఫ్యాట్ డ్రైవు అవసరం తీరిపోయింది. ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. శనివారం రాత్రి మొత్తం పెట్టి ఒక మోడెమ్ కోసం కెర్నెల్ కంపైల్ చేయడంలో ఆనందం ఉందని ఇప్పుడు చెప్పడం తేలిక, ఆదివారం పొద్దున కళ్లు మండినప్పుడు ఎవరూ అనలేదు ఆ మాట.

మొన్న సెలవులకి మా మేనల్లుడు వచ్చాడు. సీఎస్‌ఈ రెండో సంవత్సరం. వాడి లాప్‌టాప్‌లో విండోస్ లోపలే ఉబుంటూ నడుస్తోంది, ఒక్క కమాండ్ కొట్టాడట, అంతే. పార్టిషన్ ఎలా చేశావురా అని అడిగితే, "పార్టిషనా? నేనేమీ చేయలేదు మావయ్యా, ఒక్కటే సీ డ్రైవ్" అన్నాడు. విండోస్‌లో ఇప్పటి ఎఫ్‌డిస్క్ లాంటి డిస్క్‌పార్ట్ తెరిచి లిస్ట్ చూపించాను. మెషీన్ బూట్ అవడానికి కావలసిన ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ 100 ఎంబీ, రిజర్వుడ్ 16 ఎంబీ, సీ, చివర రికవరీ. నాలుగు. ఆ పాత నాలుగు వరుసల పట్టిక బదులు వచ్చిన జీపీటీలో మామూలుగా 128 దాకా పెట్టుకోవచ్చని చెప్పాను. వాడి చూపంతా ఆ 100 ఎంబీ మీదే ఉంది. "ఇది ఖాళీగానే ఉందిగా మావయ్యా, డిలీట్ చేస్తే సీలో కలుస్తుందా?" అని తనే కమాండ్ కొట్టేశాడు. దాన్ని మామూలుగా అయితే తీయనివ్వదు, చివర ఓవర్‌రైడ్ అని చేర్చాలి. ఆ ఒక్క మాటా వాడికి చెప్పలేదు.